అప్‌డేట్: హంగేరియన్ మైనర్ చిక్కు వీడింది

పియానో మీద సి నుంచి హంగేరియన్ మైనర్ అనే పాశ్చాత్య స్వరశ్రేణి (స్కేల్) వాయిస్తే రెండు చోట్ల వేళ్లు ఎందుకు ఎగిరి దూకుతున్నాయని పోయిన వారం అడిగాను. స్వరాల మధ్య దూరాలు లెక్కపెట్టమన్నవారికి ధన్యవాదాలు. సి, డి, ఇ ఫ్లాట్, ఎఫ్ షార్ప్, జి, ఎ ఫ్లాట్, బి, మళ్లీ సి. ఒక స్వరం నుంచి తర్వాతిదానికి దూరం అర్ధస్వరాల్లో (పక్కపక్క మీటల మధ్య దూరం ఒక అర్ధస్వరం) 2, 1, 3, 1, 1, 3, 1. ఆ రెండు మూళ్లే నా తలనొప్పి!

అసలు సంగతి ఆదివారం తెలిసింది. చిక్కడపల్లిలో మా పై వాటాలో ఉండే సంగీతం టీచరుగారు మెట్లు దిగుతూ ఆగి, "సింహేంద్రమధ్యమం ఎప్పుడు మొదలుపెట్టావమ్మా?" అన్నారు. అది కర్ణాటక సంగీతంలో 57వ మేళకర్త (మూల రాగం), నేను వాయిస్తున్న స్వరాలే దానివీ. లోపలికి వచ్చి, సి షడ్జమంగా (స గా) పెట్టుకుని మాయామాళవగౌళ వాయించమన్నారు. చిన్నప్పుడు సరళీ స్వరాలు పాడిన రాగమే కదా, వాయించాను. "అవే మీటలు, ఈసారి ఎఫ్ నుంచి ఎఫ్ వరకు" అన్నారు. ఎఫ్, జి, ఎ ఫ్లాట్, బి, సి, డి ఫ్లాట్, ఇ. మళ్లీ అవే 2, 1, 3, 1, 1, 3, 1! ఇలా అవే స్వరాల్లో షడ్జమాన్ని వేరే చోటికి మార్చి ఇంకో రాగం రాబట్టడాన్నే గ్రహభేదం అంటారట.

కుడిచేతి బొటనవేలిని ఎఫ్ షార్ప్ దాటాక జి మీదికి తెస్తే సాఫీగా సాగుతోంది. ఎడమచెయ్యి ఇంకా మొరాయిస్తోంది. పియానోలో గమకాలు (స్వరాన్ని ఊపుతూ పలికించడం) పలకవని టీచరుగారు పెదవి విరిచారు, అది వేరే విషయం.