పాయింట్ 22 నుంచి పాయింట్ 32కు మారితే చేతిపై భారం ఎంత పెరుగుతుంది?

ప్రశ్న

మా అబ్బాయి 25 మీటర్ల పోటీల కోసం పాయింట్ 22 (అంటే 0.22 అంగుళాల) పిస్టల్‌తో సాధన చేస్తున్నాడు. ఇకపై సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో సూది తగిలి పేలే రకం) విభాగానికి పాయింట్ 32 కూడా మొదలుపెట్టమని కోచ్ గారు సూచించారు. వాడి మణికట్టు తట్టుకుంటుందా అన్నదే నా చింత. పట్టికలు చూస్తే అయోమయం ఇంకా పెరిగింది. 9 మి.మీ. తూటాకూ పాయింట్ 45 తూటాకూ శక్తి సుమారు 500 జౌళ్లే అని ఉంది, కానీ రెండవది చేతిని చాలా ఎక్కువగా తన్నుతుందంటారు. అలాగే పాయింట్ 38 అంటే 9.65 మి.మీ. కావాలి కదా, దాని గుండు 9 మి.మీ. దానితో దాదాపు సమానమని ఎందుకు రాస్తారు?

మొదటి జవాబు

ముందుగా పేర్ల సంగతి చెబుతాను. పాయింట్ 38 అన్నది గుండు కొలత కాదు. పాతకాలపు తూటాలలో గుండు, దాని వెనుక మందు నింపే ఇత్తడి గొట్టం ఒకే వెడల్పున ఉండేవి కాబట్టి ఆ గొట్టం కొలతే పేరుగా స్థిరపడింది. తరువాత గుండును గొట్టం లోపలికి దిగేలా సన్నగా చేసినా పేరు మారలేదు. అందువల్లనే పాయింట్ 38 స్పెషల్ గుండు వ్యాసం 9.07 మి.మీ., 9 మి.మీ. పారాబెల్లమ్ గుండుది 9.01 మి.మీ. గుండు బరువులను గ్రెయిన్లలో రాయడం కూడా పాత అలవాటే. మన కంసాలులు గురిగింజతో తూచినట్లు ఇంగ్లండులో బార్లీ గింజతో తూచేవారు. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాములు.

రెండవ జవాబు

చేతిపై భారం విషయంలో జౌళ్ల లెక్క మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. శక్తిలో వేగానికి వర్గం ఉంటుంది గనుక తేలికైన, వేగవంతమైన గుండు అక్కడ ముందుకు వస్తుంది; తుపాకీ వెనక్కి తన్నడాన్ని ప్రధానంగా నిర్ణయించేది మాత్రం బరువును వేగంతో గుణించగా వచ్చే ద్రవ్యవేగం. 7.45 గ్రాముల 9 మి.మీ. గుండు సెకనుకు 360 మీటర్లతో, 14.9 గ్రాముల పాయింట్ 45 గుండు సుమారు 259 మీటర్లతో వెళితే శక్తి ఇంచుమించు సమానమే, కానీ ద్రవ్యవేగం రెండవదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు.

మీ అబ్బాయి తూటాలకూ ఇదే లెక్క వేయండి. పాయింట్ 22 గుండు 2.6 గ్రాములు, వేగం సుమారు 325. పాయింట్ 32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ అనే తూటాలోని వాడ్‌కట్టర్ (ముందుభాగం చదునుగా ఉండే పోటీ గుండు) సుమారు 6.35 గ్రాములు, వేగం 225 ప్రాంతం. శక్తి ఆరవ వంతు మాత్రమే పెరిగినా ద్రవ్యవేగం దాదాపు 70 శాతం పెరుగుతుంది. తేడా తప్పక తెలుస్తుంది, అయితే 9 మి.మీ. తన్నులో అది సగం కంటే కొంచెమే ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. మరి 9 మి.మీ.ను వదిలి పాయింట్ 32నే ఎందుకు ఎంచుకుంటారు?

రెండవ జవాబు ఇచ్చినవారు

మన దేశంలో 9 మి.మీ. నిషేధిత బోరు, అంటే సాధారణంగా పౌరులకు అనుమతించని గొట్టం కొలత. అది అటుంచినా, ఐదు గుండ్లు వరుసగా కాల్చే పోటీలో చేయి తిరిగి గురికి రావడానికి పట్టే కాలమే ముఖ్యం. వాడ్‌కట్టర్ ముందుభాగం చదునుగా ఉండటంతో కాగితానికి గుండ్రని, అంచు చెదరని రంధ్రం పడి పాయింట్లు లెక్కించడం కూడా సులువవుతుంది. మొదటి నెలలో తూటాల సంఖ్య తక్కువగా ఉంచి, మణికట్టు నొప్పి అన్న రోజున వెంటనే ఆపించండి.