29 అంగుళాల వైడ్ మానిటర్: పాత గేముల్లో కారు బొమ్మ అడ్డంగా సాగుతోంది, కొత్త గేముకి నల్లపట్టీలు. ఏం చెయ్యాలి?

పర్లాకిమిడి_పిక్సెల్:

నమస్తే మాస్టార్లూ. సెటప్ ఇదీ: జీటీఎక్స్ 1650, విండోస్ 11, 29 అంగుళాల అల్ట్రావైడ్ (2560×1080, 75 హెర్ట్జ్) కార్డు హెచ్‌డీఎంఐలో ఉంది. పక్కన పాత 18.5 అంగుళాల మానిటర్ (1366×768), దానికి వీజీఏ తప్ప ఇంకే పోర్టూ లేదు కాబట్టి మదర్‌బోర్డు వీజీఏకి పెట్టాను. విండోస్ స్కేలింగ్ 125 శాతం.

తేడాలు ఇవీ. నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ (2005) మెనూలో 2560×1080 అసలు లేదు, ఉన్నవాటిలో ఏది పెట్టినా కారు అణిగిపోయి అడ్డంగా కనిపిస్తోంది. జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో వైడ్‌స్క్రీన్ ఆన్ చేస్తే తెర నిండుతోంది గానీ పైనా కిందా కోసేస్తోంది. ఎల్డెన్ రింగ్‌కి రెండు పక్కలా నల్లపట్టీలు. బోర్డర్‌లెస్‌లో (అంచుల్లేని విండోగా తెర నిండా) ఆడితే మౌస్ రెండో మానిటర్లోకి జారిపోతోంది, అక్కడ క్లిక్ పడగానే గేము మినిమైజ్. ఇంకొక పాత గేమైతే నా తెర 2048×864 అంటోంది, ఆ లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం కాలేదు. ఒక్కోదానికీ ఏం చెయ్యాలో చెబుదురూ.

బరంపురం_బెజెల్:

అన్నీ ఒకే జబ్బులా ఉన్నాయి గానీ కాదు. తెర నిండటం వేరు, బొమ్మ కొలత సరిగ్గా ఉండటం వేరు, పక్కల అదనంగా కనిపించడం వేరు. ఈ మూడూ విడివిడిగా చూసుకోకపోతే ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది.

ముందు బొమ్మ సాగిందో లేదో తేల్చుకోండి. కారుని సరిగ్గా పక్కనుంచి చూస్తూ ఆపి, చక్రం మీద స్కేలు పెట్టి నిలువూ అడ్డమూ కొలవండి. నిలువు 30 మిల్లీమీటర్లు, అడ్డం 40 వస్తే 16:9 బొమ్మని లాగి 2560×1080 నింపారన్నమాట (2.37ని 1.78తో భాగిస్తే 1.33). 4:3 బొమ్మని లాగితే అడ్డం 53 దాకా పోతుంది. స్పీడోమీటర్నీ రాడార్నీ కొలిచి మోసపోకండి. తెర మీద కనిపించే ఇలాంటి మీటర్లని (హెచ్‌యూడీ) విడిగా గీస్తారు, అది సాగినా లోపలి బొమ్మ సరిగ్గా ఉండొచ్చు, దీనికి తిరగేసి కూడా జరగొచ్చు.

సాగదీత చాలావరకు డ్రైవర్ పని. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో అడ్జస్ట్ డెస్క్‌టాప్ సైజ్ అండ్ పొజిషన్‌కి వెళ్లి ఆస్పెక్ట్ రేషియో ఎంచుకుని, స్కేలింగ్ జీపీయూ మీద పెట్టి, ఓవర్‌రైడ్ టిక్ చెయ్యండి. అప్పుడు 1280×960 పెడితే బొమ్మ 1440 పిక్సెళ్ల వెడల్పులో నిలబడి, పక్కలకి 560 చొప్పున నలుపు మిగులుతుంది. ఏ మోడ్డూ దొరకని పాత గేములకి ఇదే మర్యాదైన దారి, సాగిన బొమ్మ కంటే వెయ్యి రెట్లు నయం.

మోస్ట్ వాంటెడ్‌కి అంత అవసరం లేదు, వైడ్‌స్క్రీన్ ఫిక్సెస్ ప్యాక్ ఉంది. ముందు గేము 1.3 ప్యాచ్‌లో ఉందో లేదో చూసుకోండి, ఫిక్స్ ఆ ఈఎక్స్‌ఈకే (గేముని నడిపే ఫైలుకే) రాశారు. జిప్‌లోని డీఇన్‌పుట్8.డీఎల్ఎల్, స్క్రిప్ట్స్ ఫోల్డర్ రెండూ స్పీడ్.ఈఎక్స్‌ఈ పక్కనే పడాలి. జిప్ పేరుతో ఇంకో ఫోల్డర్ పుట్టి, అందులో ఉండిపోతే ఏమీ జరగదు. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. స్క్రిప్ట్స్ లోపలి ఐఎన్ఐలో (సెట్టింగుల ఫైలులో) రెస్ఎక్స్, రెస్‌వై రెండూ 0 ఉంచితే డెస్క్‌టాప్ రిజల్యూషన్ అదే పట్టుకుంటుంది. అన్నీ సరిగ్గా పెట్టినా మార్పు లేదంటే విండోస్ డిఫెండర్ ఆ డీఎల్ఎల్‌ని మింగేసిందేమో ప్రొటెక్షన్ హిస్టరీలో చూడండి. గేముని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంచొద్దు. అక్కడ రాయడానికి అనుమతి లేక మీరు మార్చిన ఐఎన్ఐ ఒకచోట, గేము చదివేది ఇంకోచోట అవుతుంది. డీ డ్రైవ్‌లో మామూలు ఫోల్డర్ చాలు.

శాన్ ఆండ్రియాస్‌ది మరో కథ. దాని సొంత వైడ్‌స్క్రీన్ వెర్ట్ మైనస్ పద్ధతి: అడ్డం కోణం అలాగే ఉంచి, వెడల్పు తెరకి తగ్గట్టు నిలువు కోసేస్తుంది. 4:3 చూపుని మీ మానిటర్‌కి ఇలా కోస్తే పైనా కిందా కలిపి 44 శాతం పోతుంది. మనకి కావలసింది హార్ ప్లస్, అంటే నిలువు కదలకుండా పక్కలు పెరగాలి. 4:3లో అడ్డం 90 డిగ్రీలున్న చూపు హార్ ప్లస్‌లో 16:9కి 106, మీ తెరకి 121 అవుతుంది. దీనికీ అదే ప్యాక్‌లో ఫిక్స్ ఉంది గానీ 1.0 ఈఎక్స్‌ఈ కావాలి. స్టీమ్ వెర్షన్ మీద నేరుగా పనిచెయ్యదు, ముందు డౌన్‌గ్రేడ్ చెయ్యాలి. పనిలో పనిగా ఫ్రేమ్ లిమిటర్ (సెకనుకి ఇన్ని ఫ్రేములే అన్న కట్టడి) తియ్యకండి, తీస్తే ఈత దగ్గర్నుంచి బళ్ల నడక దాకా గేము లెక్కలన్నీ తప్పుతాయి.

గుణుపూర్_గేర్:

మౌస్ సంగతి నేను చెబుతాను. ఎక్స్‌క్లూజివ్ ఫుల్‌స్క్రీన్ (తెర మొత్తం గేము చేతిలోనే ఉండే పద్ధతి) ఉన్న గేముకి అది పెట్టండి, సాధారణంగా మౌస్ కదలదు. బోర్డర్‌లెస్ తప్పనిసరైతే డబ్బు ఖర్చు లేని కిటుకు ఒకటుంది. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలో మానిటర్ల బొమ్మలుంటాయి కదా, చిన్నదాన్ని లాగి పెద్దదాని కింది మూలకి ఐమూలగా పెట్టండి, ఒక్క మూల మాత్రమే తగిలేలా. పాయింటర్ రెండు తెరలూ కలిసే అంచు మీదుగానే దాటుతుంది. అంచు మూలంత చిన్నదైపోతే ఆటలో పొరపాటున దాటడం దాదాపు ఉండదు. మీకై మీరు వెళ్లాలంటే మౌస్‌ని మూలకి తొయ్యాలి, లేదా విండోస్, షిఫ్ట్, బాణం కీలతో విండోనే అటు పంపొచ్చు.

2048×864 అన్నది 125 శాతం పని. 2560ని 1.25తో భాగించండి, 2048. 1080ని భాగించండి, 864. ఈ స్కేలింగ్ (డీపీఐ) సంగతి తెలియని పాత గేముకి విండోస్ తెరని చిన్నదిగా చూపించి, వచ్చిన బొమ్మని తర్వాత ఉబ్బిస్తుంది, అందుకే మసక కూడా. ఈఎక్స్‌ఈ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్, కింద ఓవర్‌రైడ్ టిక్ చేసి అప్లికేషన్ ఎంచుకోండి. లాంచర్‌కి కాదు, గేము అసలు ఈఎక్స్‌ఈకి. డెస్క్‌టాప్ మొత్తం 100 శాతానికి దించనక్కర్లేదు, 29 అంగుళాల్లో అక్షరాలు చదవలేక కళ్లు లాగుతాయి.

పాత మానిటర్ మదర్‌బోర్డు వీజీఏలో ఉండటం వల్ల చాట్‌కీ బ్రౌజర్‌కీ నష్టం లేదు. గేము మాత్రం దాని మీదకి లాగకండి.

జయపురం_హెక్స్:

ఎల్డెన్ రింగ్ 16:9కి బిగించిన గేము, మెనూలో దారి లేదు. అల్ట్రావైడ్ మాడ్లున్నాయి గానీ ఈజీ యాంటీ చీట్ (మోసాలు పట్టే ప్రోగ్రాం) ఆపి, ఆఫ్‌లైన్‌లోనే ఆడాలి. ఆన్‌లైన్‌లో మార్చిన ఫైళ్లతో వెళ్తే నిషేధం పడుతుంది, తర్వాత మొత్తుకుని లాభం లేదు. వాలరెంట్ జోలికైతే అస్సలు పోవద్దు. అందులో అడ్డం చూపు అందరికీ 103 డిగ్రీలే, వెడల్పు తెర కొన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ రాదు.

ఒంటరిగా ఆడే గేములకి రెండు చిట్కాలు. అన్‌రియల్ ఇంజిన్ 4తో చేసిన గేములు చాలావాటిలో తెర నిండినా నిలువు కోసేస్తాయి. యాప్‌డేటా లోకల్‌లో గేము పేరున్న ఫోల్డర్, అందులో సేవ్డ్, కాన్ఫిగ్, విండోస్‌నోఎడిటర్, అక్కడ ఇంజిన్.ఐఎన్ఐ. లోకల్‌ప్లేయర్ విభాగంలో ఆస్పెక్ట్‌రేషియో యాక్సిస్ కన్‌స్ట్రెయింట్ విలువ మెయింటైన్ ఎక్స్ అయితే అదే కోత. దాన్ని మెయింటైన్ వై చేస్తే హార్ ప్లస్ అవుతుంది. విభాగం లేకపోతే ఫైలు చివర మీరే చేర్చాలి. గేము తెరవగానే పాత విలువ తిరిగొస్తే ఫైలుని రీడ్ ఓన్లీ చెయ్యండి. అన్ని గేములూ వింటాయని కాదు, కెమెరాకి విడిగా విలువ రాసినవి వినవు.

అదీ కుదరకపోతే హెక్స్, అంటే ఈఎక్స్‌ఈ లోపలి బైట్లని నేరుగా మార్చడం. నల్లపట్టీలేసే గేముల్లో 16:9 అన్న భిన్నం 1.7778గా ఈఎక్స్‌ఈలో కూర్చుని ఉంటుంది. నాలుగు బైట్లు, తలకిందుల వరసలో: 39, 8ఈ, ఈ3, 3ఎఫ్. మీ 2560×1080కి మార్చాల్సింది: 26, బీ4, 17, 40. ఎవరికైనా 3440×1440 ఉంటే: 8ఈ, ఈ3, 18, 40. హెచ్ఎక్స్‌డీ అనే ఎడిటర్లో వెతికేటప్పుడు హెక్స్ వాల్యూస్ ట్యాబ్ ఎంచుకోవాలి. టెక్స్ట్ ట్యాబ్‌లో వెతికి దొరకలేదనేవాళ్లే ఎక్కువ. పాత బైట్ల మీదే రాయాలి, మధ్యలో దూర్చకూడదు, ఫైలు సైజు ఒక్క బైటు పెరిగినా గేము లేవదు. రెండు మూడు చోట్ల దొరికితే ఒక్కోటే మార్చి నడిపి చూడండి, అన్నీ ఒక్కసారే మారిస్తే మెనూ కూడా వంకర తిరుగుతుంది. ఎక్కడా దొరకలేదంటే ఈఎక్స్‌ఈని కుదించి ప్యాక్ చేసి ఉండొచ్చు. అసలు ఫైలు కాపీ దాచుకోండి, గేము అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మీ మార్పు ఎగిరిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

రాయగడ_మూడుతెరలు:

మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. ఇక్కడా జీటీఎక్స్ 1650యే, 1080పీ 21.5 అంగుళాల మానిటర్లు మూడు, అసెట్టో కోర్సా (కార్ల రేసు గేము) కోసం. డిస్‌ప్లేపోర్ట్‌లో (డీపీ) ఒకటి, హెచ్‌డీఎంఐలో ఒకటి. మూడోదానికి వీజీఏయే కాబట్టి అదీ మదర్‌బోర్డుకే. విండోస్‌లో మూడూ కనిపిస్తున్నాయి, సరౌండ్ (మూడు తెరల్నీ ఒకే తెరగా కలిపే ఎన్‌విడియా ఏర్పాటు) మాత్రం రెండే చూపిస్తోంది. కార్డుకి డీవీఐ కూడా ఉంది గానీ షాపులో ఇచ్చిన వీజీఏ ముక్క అందులో దూరడం లేదు. ఏటి చెయ్యాలి?

బరంపురం_బెజెల్:

సరౌండ్‌కి మూడూ కార్డు పోర్టుల్లోనే ఉండాలి. మదర్‌బోర్డు పోర్టు నడిపేది ప్రాసెసర్లోని గ్రాఫిక్స్, దాన్ని ఎన్‌విడియా డ్రైవర్ కలుపుకోదు.

ఆ ముక్క ఎందుకు దూరదో డీవీఐ పోర్టుని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఒక చివర అడ్డంగా బల్లపరుపు చీలిక ఉంటుంది. పాత కార్డుల్లో ఆ చీలికకి పైన రెండు, కింద రెండు చిన్న రంధ్రాలుండేవి, వీజీఏ సిగ్నల్ వచ్చేది వాటిలోనే. మీ కార్డుది డీవీఐ-డీ, ఆ నాలుగూ ఉండవు. ఎన్‌విడియా 10 సిరీస్ నుంచే ఆ సిగ్నల్ తీసేసింది. ముక్క కాళ్లు విరిచి దూర్చినా బొమ్మ రాదు, అలా చెయ్యమనే షాపువాళ్లూ ఉన్నారు, వినకండి. కావలసింది లోపల చిప్ ఉన్న యాక్టివ్ కన్వర్టర్: డీవీఐ-డీ నుంచి వీజీఏకి, యూఎస్‌బీ కరెంటు తీసుకునేదైతే మేలు. అక్కడ దొరక్కపోతే విశాఖ వెళ్లేవాళ్లకి చెప్పండి, "యాక్టివ్" అన్నమాట మాత్రం నొక్కి చెప్పండి.

తర్వాత మూడింటికీ రిజల్యూషనూ రిఫ్రెషూ ఒకటే ఉండాలి, 75 ఉన్నదాన్ని కూడా 60కి దించండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో కాన్ఫిగర్ సరౌండ్, ఫిజ్ఎక్స్ తెరిచి స్పాన్ టిక్ చేసి, కాన్ఫిగర్ నొక్కి తెరల వరస సర్దండి. ఆప్షన్ మసగ్గా ఉంటే తెరిచి ఉన్న బ్రౌజరూ స్టీమూ మూసి మళ్లీ చూడండి. అయిపోయాక 5760×1080 ఒకే తెర.

అసెట్టోకి డ్రైవర్లో బెజెల్ కరెక్షన్ (తెర చుట్టూ ఉన్న అంచుకి సరిపడా బొమ్మని దాచడం) వద్దు. ఆ గేముకి సొంత ట్రిపుల్ స్క్రీన్ రెండరింగ్ ఉంది: కంటి దూరం, తెర వెడల్పు, బెజెల్, పక్క తెరల కోణం తనే అడుగుతుంది. రెండుచోట్లా బెజెల్ ఇస్తే రెండుసార్లు కోస్తుంది. 21.5 అంగుళాల తెర వెడల్పు 47.6 సెంటీమీటర్లు, కన్ను 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఒక్కో తెర 43 డిగ్రీలు కప్పుతుంది, పక్క తెరల్ని అంతే కోణంలో తిప్పండి. టేపు పెట్టి కొలవండి, ఊహించి ఇవ్వకండి, అంకె తప్పితే రోడ్డు తెరల మధ్య విరుగుతుంది.

ట్రిపుల్ రెండరింగ్ లేని గేముల్లో మాత్రం డ్రైవర్ కరెక్షన్ వాడాలి. మీ తెరకి మిల్లీమీటర్‌కి 4 పిక్సెళ్లు. ఒక్కో అంచు 12 మిల్లీమీటర్లైతే రెండు అంచులు కలిసే చోట 24, అంటే 97 పిక్సెళ్లు. రెండు కీళ్లకీ 194 కలిపి 5954×1080 వస్తుంది, గేములో ఆ మోడ్డే ఎంచుకోవాలి. ఇలాంటి గేములు మూడు తెరలకీ ఒకే బల్లపరుపు లెక్కతో గీస్తాయి కాబట్టి చివరలు సాగడం తప్పదు. అడ్డం చూపు 152 డిగ్రీలకి పోతే అంచు దగ్గర బొమ్మ మధ్యకంటే 17 రెట్లు అడ్డంగా సాగుతుంది. ఎఫ్ఓవీ (చూపు కోణం) తగ్గించుకోవడమే మందు, మానిటర్ని తిట్టుకుని లాభం లేదు.

గుణుపూర్_గేర్:

బరువు కూడా చూసుకోండి. ఒక 1080పీ తెర 20.7 లక్షల పిక్సెళ్లు, మూడైతే 62 లక్షలు. 1650 అసెట్టోని లాగుతుంది గానీ నీడలూ అద్దాల ప్రతిబింబాలూ తగ్గించాలి. కొత్త గేములు మూడు తెరల్లో ఆశపడొద్దు.

మన పక్క సాయంత్రం వోల్టేజీ సంగతి తెలిసిందే కదా. మూడు మానిటర్లూ యూపీఎస్ మీదే పెట్టండి. సీపీయూ ఒక్కటే పెట్టి పక్క తెరలు గోడ ప్లగ్గుకి ఇస్తే, కరెంటు రెప్పపాటు పోయినా డీపీలో ఉన్న తెర డిస్‌కనెక్ట్ అయి, సరౌండ్ విడిపోయి గేము పడిపోతుంది. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లు ఇస్తుంది. 75 వాట్ల కార్డు, 65 వాట్ల ప్రాసెసర్, ఒక్కోటీ పాతిక వాట్ల మానిటర్లు మూడు, మిగతావీ కలిపినా సరిపోతుంది. బ్యాటరీ పాతదైతే మాత్రం ఆ లెక్క నమ్మకండి.

పర్లాకిమిడి_పిక్సెల్:

మోస్ట్ వాంటెడ్ దారికొచ్చింది, చక్రం నిలువు 31, అడ్డం 31. డీఎల్ఎల్ డిఫెండర్ హిస్టరీలోనే ఉంది. ఐమూల కిటుకు పనిచేసింది, 2048 కూడా పోయింది. శాన్ ఆండ్రియాస్ స్టీమ్‌ది, డౌన్‌గ్రేడ్ అయ్యాక రాస్తాను. మోస్ట్ వాంటెడ్‌లో స్పీడోమీటర్ బాగా మధ్యకొచ్చింది, దాన్ని చివరికి జరపొచ్చా?

బరంపురం_బెజెల్:

జరపొచ్చు. అదే ఐఎన్ఐలో హెచ్‌యూడీ వైడ్‌స్క్రీన్ మోడ్ అని ఒక లైనుంది, 0 అయితే 1 చెయ్యండి. గేము మూసి మార్చండి, ఫైలుని తెరిచేటప్పుడే చదువుతుంది.