నాలుగో తరగతికొచ్చినా చదవడం రావట్లేదు, మీడియం మార్చాలా?

కృష్ణా జిల్లా అమ్మ:
మా బాబు ఊళ్లో గవర్నమెంటు స్కూల్లోనే, ఇంగ్లీష్ మీడియం. పాఠం అప్పజెప్పమంటే గడగడా చెప్పేస్తాడు, అదే పాఠంలో మధ్యలో ఒక లైను మీద వేలు పెట్టి చదవమంటే నోరు పెగలదు. పోనీ తెలుగా అంటే గుణింతాలు వచ్చు, 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటివి తగిలితే ఆగిపోతాడు. అయినా ఏటా పై తరగతికి పంపేస్తున్నారు. ట్యూషన్ పెట్టించనా, మీడియం మార్పించనా?

ఎస్జీటీ ఒకణ్ణి:
పై తరగతికి పంపకుండా ఆపడం మాలాంటి ప్రైమరీ టీచర్ల (ఎస్జీటీల) చేతుల్లో లేదమ్మా. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిది దాకా ఎవర్నీ ఆపొద్దంది, 2019లో సవరించి ఐదు, ఎనిమిది తరగతుల సంగతి రాష్ట్రాలకు వదిలేశారు. ఆపితే చదువొస్తుందని నేననుకోను. కానీ ఒక్క టీచరే రెండు మూడు తరగతులు చూసుకునే చోట, రెండో తరగతికి గుణింతాలు దిద్దిస్తుంటే నాలుగో తరగతి ఖాళీగా కూర్చుంటుంది, వాళ్లను చూద్దామంటే వీళ్లు అల్లరి. దానికి తోడు 2022లో జీవో 117 అని 3, 4, 5 తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్లకు తరలించారు, 2025లో దాన్ని తీసేశారు. ఈ అటూ ఇటూ తిప్పడంలో చదివించడం ఎవరిక్కావాలి!

ఆటో డ్రైవర్:
సార్, చివరికి తెలుగు మీడియానికి మార్చమని మాత్రం అనకండి. అలా చెప్పేవాళ్ల పిల్లలందరూ కాన్వెంట్లలోనే ఉంటారు.

వరంగల్ టీచర్:
మార్చక్కర్లేదు. ఇది మీ ఒక్కరి సమస్య కూడా కాదు, పల్లె పిల్లల చదువు ఎలా ఉందో చూసే 2024 అసర్ సర్వేలో దేశం మొత్తం మీద పల్లెల్లో మూడో తరగతిలో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 27 శాతమే. మా తెలంగాణలో 2022లో పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పడానికి 'తొలిమెట్టు' అనే కార్యక్రమం పెట్టారు, అందులో నాకు నచ్చింది ఒక్కటే, పిల్లాడు ఎక్కడ ఆగాడో అక్కణ్ణుంచే మొదలుపెట్టాలన్నారు (రికార్డులు రాయడానికే సగం టైం పోయేదనుకోండి). మీ ఏపీ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటాయి కదా, ముందు తెలుగు పేజీ చదివించండి. విషయం అర్థమయ్యాక ఇంగ్లీషు పేజీకి వెళ్తే బట్టీ తగ్గుతుంది. ఒత్తులు రోజుకు రెండు చాలు.

కృష్ణా జిల్లా అమ్మ:
పరిసరాల విజ్ఞానం పుస్తకం తీసి చూశానండీ. ఇంగ్లీషు వైపంతా అండర్‌లైన్లే, తెలుగు వైపు పెన్సిలే ఆనలేదు. ఈ వైపు కూడా చదివించమని టీచర్‌ని అడిగితే ఏమైనా అనుకుంటారా?

ఎస్జీటీ ఒకణ్ణి:
నిక్షేపంగా అడగండి. పేరెంట్స్ కమిటీ మీటింగులో ఇంకో నలుగురితో కలిసి అడిగితే ఇంకా మంచిది, సిలబస్ అవ్వలేదని పైవాళ్లు నిలదీస్తే మాకూ చెప్పుకోవడానికి ఉంటుంది.