అప్‌డేట్: ఇటలీ హోస్ట్ ఇంట్లో కరెంటు పోవడం, 8 రోజుల గడువు

ఇటలీలో చదువుకునేటప్పుడు ఉండే హోస్ట్ (మనకు బస ఇచ్చే కుటుంబం) ఇంట్లో వాషింగ్ మెషీన్ వేయగానే ఇల్లంతా కరెంటు ఎందుకు పోతోంది, అక్కడ ఉండేందుకు తీసుకోవాల్సిన పర్మిట్ పని ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగాను కదా. రెండూ తేలాయి.

కరెంటు: తప్పు మెషీన్‌ది కాదు. అక్కడ మామూలు ఇళ్ల కనెక్షన్ 3 కిలోవాట్లే. నీళ్లు వేడెక్కేటప్పుడు మెషీన్ ఒక్కటే దాదాపు 2 లాగుతుంది, పక్కన ఓవెన్ కూడా ఉంటే మీటర్ కట్ అవుతుంది. ముందు ఒకటి ఆపాలి, తర్వాతే మీటర్ మీది లివర్ పైకెత్తాలి. అది ఒక్కోసారి కింద మెట్ల దగ్గర ఉంటుంది, తాళంచెవి ఎక్కడుందో మొదటిరోజే అడిగిపెట్టుకోండి.

పర్మిట్: 90 రోజులు దాటే చదువైతే, దిగిన 8 పనిదినాల్లో పోస్టాఫీసులో పసుపు గీత ఉన్న కవరు తీసుకుని నింపి ఇవ్వాలి. దానికి కావాల్సిన 16 యూరోల స్టాంపు పొగాకు దుకాణంలో దొరుకుతుంది (అవును, పొగాకు దుకాణమే!). పోస్టాఫీసు రసీదు పారేయొద్దు, పర్మిట్ కార్డు వచ్చేదాకా అదే ఆధారం. ఇంకోటి, మనం ఇంట్లో దిగిన 48 గంటల్లో ఇంటివాళ్లు పోలీసులకు రాతపూర్వకంగా తెలపాలి. మొహమాటపడకుండా హోస్ట్ ఆంటీకి గుర్తుచేయండి, ఆలస్యమైతే జరిమానా వాళ్లకే.

మన మూడు పిన్నుల ప్లగ్ అక్కడ దూరదు. సన్న రెండు పిన్నుల ఛార్జర్ సరిపోతుంది.