కుక్కకు ఫొటో షూట్: ఎవరి సంతోషం కోసం?

గోదారిగట్టు:
మా లక్కీకి పదమూడేళ్లు. నాటు కుక్కే. పిల్లగా ఉన్నప్పుడు వానలో తడుస్తూ మా గేటు కింద నుంచి దూరి వచ్చింది. ఇప్పుడు వెనక కాళ్లు పట్టు తప్పుతున్నాయి. అది ఉండగానే మంచి ఫొటో ఒకటి తీయించాలని పోయిన నెల స్టూడియోకి తీసుకెళ్లాం. మెడకు బో, నెత్తిన టోపీ, ఎదురుగా ఫ్లాష్, నలభై నిమిషాలు. ఫొటో చూసినవాళ్లంతా "ఎంత బాగా నవ్వుతోందో" అన్నారు. నాకు అది నవ్వులా అనిపించలేదు. రొప్పుతోంది, చెవులు వెనక్కి అంటుకుపోయాయి. మనం చేసింది తప్పేనా అని అప్పటి నుంచి ఒకటే బాధ. మీరేమంటారు?

లెన్సుచూపు:
నేను పెళ్లి ఫొటోలు తీస్తాను. నాలుగేళ్లుగా కుక్కలవీ తీస్తున్నాను. తప్పు స్టూడియోది కాదండి, తొందరది. అమెరికాలో విలియం వెగ్‌మన్ అనే ఫొటోగ్రాఫర్ 1970ల నుంచి తన వైమరానర్ జాతి కుక్కల్నే తీస్తూ వచ్చారు, వాటికి మనుషుల బట్టలు కూడా తొడిగారు. అవి ఆయనతో రోజూ పని చేసిన కుక్కలు, అందుకే ఆ ఫొటోల్లో బెదురు కనిపించదు. నేనైతే మొదట కెమెరా నేల మీద పెట్టి కుక్కను వాసన చూడనిస్తాను. అది పడుకునేదాకా షట్టర్ నొక్కను. ఫ్లాష్ అసలు వాడను.

పశువైద్య విద్యార్థిని:
వెగ్‌మన్ ఉదాహరణ మీ వాదనకే అడ్డం వస్తుంది సార్. అవి ఆయన సొంత కుక్కలు. స్టూడియోకి వచ్చే కుక్కకు మీరు కొత్త మనిషి. కొత్త మనిషి కళ్లలోకి కళ్లు పెట్టి చూస్తే చాలా కుక్కలు బెదురుతాయి. మీ లెన్సు కూడా దాన్నే గుచ్చి చూస్తున్న పెద్ద కన్నులాంటిదే. అదే ఇంటివాళ్ల చూపైతే వేరు. 2015లో జపాన్‌లోని అజాబు యూనివర్సిటీ వాళ్ల పరిశోధన వచ్చింది. కుక్క, దాని మనిషి ఒకరినొకరు చూసుకుంటున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరిగింది. తల్లికీ బిడ్డకీ మధ్య అనుబంధంలో పనిచేసే హార్మోన్ అది. మనుషులు పెంచిన తోడేళ్లలో అలా జరగలేదు. కాబట్టి ఆ చూపు కావాలంటే ఫొటో ఇంటివాళ్లే తీయాలి. ఊరికే ముక్కు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, కంటి తెలుపు కనిపించేలా పక్కకు చూడడం మొదలైతే అక్కడితో ఆపేయండి. మన ఎండల్లో బట్టలు మాత్రం వద్దే వద్దు. కుక్క ఒంటి వేడి దిగేది ముఖ్యంగా రొప్పడంతోనే.

నల్లబంగారం:
నేను ఒప్పుకోను. మా నల్లకుక్క చనిపోయి రెండేళ్లయింది. ఫోన్‌లో మూడు వందల ఫొటోలున్నాయి. అన్నింట్లోనూ నల్లటి ముద్దే, కళ్లు లేవు. ఎవరైనా పని తెలిసిన ఫొటోగ్రాఫర్ చేత ఒక్కటి తీయించి ఉంటే ఈ రోజు దాని ముఖం నా దగ్గర ఉండేది. ఫొటో కుక్కకు అక్కర్లేదు, నిజమే. మనకు కావాలి. కర్ణాటకలోని ఆతకూరులో 949 నాటి శాసనం ఒకటి దొరికింది. అడవిపందితో పోరాడి చనిపోయిన కాళి అనే వేటకుక్క కోసం చెక్కించిన రాయి అది. కుక్కా పందీ కలబడుతున్న బొమ్మ దాని మీద ఉంది. కాళి ఆ రాయి అడగలేదు. దాన్ని పోగొట్టుకున్న మనిషికి కావాల్సి వచ్చింది. వెయ్యేళ్లు దాటినా ఆ పేరు మనకు తెలుస్తోంది.

లెన్సుచూపు:
నల్లబంగారం గారూ, మీ మాట చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. నల్లకుక్కలున్న మిగతావాళ్లకు చెబుతున్నాను: వెనక వెలుతురు ఎక్కువైతే కెమెరా కుక్కను ఇంకా నల్లగా చేసేస్తుంది. వసారా నీడలో, బయటి వెలుతురు వైపు ముఖం ఉండేలా కూర్చోబెట్టండి. మీరు నేల మీద పడుకుని దాని కంటి ఎత్తు నుంచి తీయండి. కంట్లో చిన్న మెరుపు చుక్క పడితే చాలు, ముఖం బతికొస్తుంది. చెల్లెమ్మ అన్నదీ సగం ఒప్పుకుంటున్నాను. ఇకపై స్టూడియోకి పిలవను, వాళ్లింటికే వెళ్తాను.

పశువైద్య విద్యార్థిని:
ఇంటికొచ్చినా మీరు కొత్త మనిషే కదా సార్! కెమెరా వాళ్ల చేతికిచ్చి మీరు పక్కన కూర్చోండి.

గోదారిగట్టు:
నిన్న పొద్దున ప్రయత్నించాను. వసారాలో బోర్లా పడుకుని, ఫోన్ గడ్డం కింద పెట్టుకుని "లక్కీ" అన్నాను. తల వాల్చుకునే చూసింది. ఎడమ కన్ను శుక్లంతో తెల్లబడింది. కుడి కంట్లో మా గుమ్మం, అందులో చిన్నగా నేను.