మోకాలి నొప్పి, సగం ప్రాక్టీసు, ముందు స్ప్రింట్ ట్రయథ్లాన్: చేసినవాళ్లు చెప్పండి

కొండాపూర్ రన్నర్:
అందరికీ నమస్కారం. ఇంకో రెండు వారాల్లో స్ప్రింట్ ట్రయథ్లాన్ ఉంది: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఫీజు ఎప్పుడో కట్టేశాను. ఈలోగా ఆఫీసులో రిలీజ్ పని, ఇంట్లో అమ్మకి ఆపరేషన్. ప్రాక్టీసు సగంలో ఆగిపోయింది. దానికి తోడు కుడి మోకాలి బయటి పక్క నొప్పి. పరుగు మొదలుపెట్టినప్పుడు ఏమీ ఉండదు, మూడో కిలోమీటరు దాటాక సూది గుచ్చినట్టు మొదలవుతుంది. ఆగితే తగ్గిపోతుంది, మెట్లు దిగేటప్పుడు మళ్లీ తెలుస్తుంది. సైకిల్ మీద పెద్దగా లేదు. ఈత పూల్‌లో ఆగి ఆగి లాగుతున్నాను. టైమింగ్ మీద నాకు పట్టింపు లేదు, పూర్తి చేస్తే చాలు. ఇలాంటి స్థితిలో దిగినవాళ్లు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి.

బందరు కాలవ:
తమ్ముడూ, ప్రాక్టీసు తగ్గడం వేరు, దెబ్బ వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టకు. సరైన ప్రాక్టీసు లేకుండా నేను స్ప్రింట్ చేశాను. మెల్లగా చేశాను, అంతే. దూరాలు చిన్నవి కాబట్టి ఓపిక పడితే అయిపోతుంది. కానీ ఈ రెండు వారాల్లో పోయిన ప్రాక్టీసును వడ్డీతో సహా వసూలు చేద్దామని చూడకు. ఇవాళ పడ్డ కష్టం ఒంటికి పట్టడానికే పది పదిహేను రోజులు పడుతుంది. ఆ లెక్కన ఇప్పుడు ఎక్కువ చేస్తే రేసు రోజుకి మిగిలేది అలసటే.

నా భయమంతా నీ ఈత గురించే. ట్రయథ్లాన్లలో ప్రాణాలు పోయిన సందర్భాలు ఎక్కువ భాగం నీళ్లలోనే. పూల్‌లో అడుగున నల్ల గీత కనిపిస్తుంది, పాతిక మీటర్లకి గోడ వస్తుంది. చెరువులో ఆ రెండూ ఉండవు. పక్కవాడి కాలు మొహానికి తగులుతుంది. బాగా ఈతొచ్చినవాళ్లకి కూడా మొదటి రెండొందల మీటర్లలో ఊపిరి అందక గాభరా పుడుతుంది. అప్పుడు వెల్లకిలా తిరిగి, ఆకాశం చూస్తూ ఊపిరి నెమ్మదించేదాకా తేలు. చెయ్యెత్తితే కయాక్, అంటే కాపలా ఉండే చిన్న పడవ, వస్తుంది. దాన్ని పట్టుకుని ఆగొచ్చు, ముందుకి మాత్రం లాక్కుని వెళ్లకూడదు. బ్రెస్ట్ స్ట్రోక్ వేసినా తప్పు లేదు. గుంపు అంతా దిగాక, ఒక పక్కనుంచి దిగు.

ఫిజియోని:
మిమ్మల్ని చూడకుండా ఖాయంగా చెప్పలేను. మీరు రాసిన తీరు చూస్తే ఐటీ బ్యాండ్ (తుంటి నుంచి మోకాలి దాకా తొడ బయటి పక్కన ఉండే గట్టి పట్టీ) సమస్యలా ఉంది: మోకాలికి బయటి పక్క, దాదాపు ఒకే దూరానికి మొదలై, మెట్లు దిగేటప్పుడు ఎక్కువ కావడం. ఒకసారి ఎవరికైనా చూపించుకోండి. ఇది సతాయిస్తుంది కానీ ఎముక విరిగే రకం కాదు. మోకాలు కొంచెం, ఒక 30 డిగ్రీలు వంగిన చోట ఇది ఒరుసుకుంటుంది. అందుకే మరీ మెల్లగా ఈడ్చుకుంటూ పరిగెత్తితేనూ, వాలు దిగితేనూ ఎక్కువ నొప్పి. మామూలు నడకకి చాలామందికి ఏమీ అనిపించదు. అడుగులు చిన్నవిగా, చురుగ్గా వేయండి. సైకిల్ సీటు మరీ ఎత్తుగా ఉంటే ఈ నొప్పి పెరుగుతుంది, అది చూసుకోండి.

నేను వద్దనేది వేరే నొప్పి ఉన్నవాళ్లని. మడమకీ మోకాలికీ మధ్య, ముందున్న ఎముక మీద ఒక్క వేలితో నొక్కితే సరిగ్గా అక్కడే ప్రాణం పోతున్నట్టు ఉన్నా, రాత్రి పడుకున్నా సలుపుతున్నా, ఒంటికాలి మీద గెంతలేకపోయినా అది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నటి పగులు, కావచ్చు. అలాంటప్పుడు రేసు ఊసే వద్దు.

ఇంకో మాట. స్టార్ట్ లైన్ దగ్గర బిళ్లలు పంచుకునేవాళ్లని చూస్తుంటాను. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుని ఎండలో చెమటోడుస్తూ పరిగెత్తితే కిడ్నీల మీద భారం పడుతుంది. పైగా ఆగమని కాలు చెప్పే మాట మీకు వినపడదు. దయచేసి వేసుకోకండి.

విశాఖ పెడల్:
నేను ఒప్పుకోను. ఫిజియోని గారు చెప్పిన రెండో రకం నొప్పినే మా బీచ్ రోడ్ గ్రూపులో ఒకతను షిన్ స్ప్లింట్స్ (పరుగు ఎక్కువైతే ముంగాలి ఎముక వెంట వచ్చే నొప్పి) అనుకున్నాడు. ‘ఐదు కిలోమీటర్లే కదా’ అని దిగాడు. ఫినిష్ దాకా వెళ్లాడు కూడా. తర్వాత స్కాన్‌లో ఎముకకి పగులు కనిపించింది. కర్రలతో ఆఫీసుకి వెళ్లాడు, ఆ ఏడాది మళ్లీ పరుగు లేదు. నొప్పి ఏ రకమో మనకి మనం తేల్చుకోలేం. డాక్టరు చూడందే దిగొద్దు బ్రదర్. రేసులు మళ్లీ వస్తాయి.

డాలస్ తెలుగోడు:
మధ్యలో ఇంకో దారి ఉంది. నాకు పిక్క కండరం పట్టేసినప్పుడు నిర్వాహకులకి మెయిల్ పెట్టి ఆక్వాబైక్‌కి మారాను. ఈత, సైకిల్ మాత్రమే, పరుగు ఉండదు. ఇక్కడ చాలా రేసుల్లో ఆ విభాగం ఉంటుంది. మీ దగ్గర ఉందేమో అడగండి. లేకపోతే రిలే టీమ్‌లో సైకిల్ ఒక్కటే తీసుకోవచ్చు.

ఈత గురించి ఒక హెచ్చరిక. ఇక్కడి వీడియోలు చూసి ధైర్యం తెచ్చుకోకండి. మేము వసంతకాలంలో చల్లటి లేక్‌లో వెట్‌సూట్, అంటే ఒంటికి అతుక్కునే రబ్బరు సూట్, వేసుకుని దిగుతాం, అదే మనిషిని తేలుస్తుంది. నీళ్లు సుమారు 25.6 డిగ్రీలు దాటితే ఇక్కడ అది వేసుకున్నవాళ్లకి బహుమతులు లేవు. మన ఊళ్లలో నీళ్లు అంత చల్లగా ఎక్కడుంటాయి? అక్కడ మీ ఊపిరే మీకు ఆధారం.

నెక్లెస్ రోడ్ అక్క:
దిగొచ్చని డాక్టరు చెబితే, ఈ ఒక్కటి ప్రాక్టీసు చేసి వెళ్లు తమ్ముడూ. మన హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, 23 కిలోమీటర్లది. అక్కడ ఒక గంట తొక్కి, దిగీ దిగగానే షూ మార్చుకుని పది నిమిషాలు పరుగు, నడక కలిపి చెయ్యి. మొదటి నాలుగు నిమిషాలు తొడలు మొద్దుబారి, కాళ్లు మనవి కానట్టు ఉంటాయి. గుండె దడ చూసి చాలామంది అక్కడే కంగారుపడి వేగం పెంచేస్తారు. అది తగ్గుతుందని ఒంటికి ముందే తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

హెల్మెట్ బకిల్ పెట్టుకున్నాకే సైకిల్ మీద చెయ్యి వెయ్యి, లేకపోతే పెనాల్టీ. సైకిల్ ఎక్కడానికి నేల మీద గీసిన మౌంట్ లైన్ దాటాకే ఎక్కాలి. ఎక్కడ ఆగిపోవాలో ఇప్పుడే రాసిపెట్టుకుని ఇంట్లోవాళ్లకి చెప్పు. మా ఆయన అయితే నేను కుంటుతున్నానా అని చూడటానికే రెండో కిలోమీటరు దగ్గర నిలబడతాడు.

కొండాపూర్ రన్నర్:
అందరికీ థ్యాంక్స్. డాక్టరుకి చూపించుకున్నాను. ఐటీ బ్యాండే అన్నారు, ఎముక బాగానే ఉంది. ఆక్వాబైక్ ఇక్కడ లేదట. నడిచి పూర్తి చేసినా కటాఫ్ (రేసు ముగించాల్సిన గడువు) లోపు అవుతుందో లేదో కనుక్కున్నాను, అవుతుందన్నారు. కుంటడం మొదలైతే ఆపేస్తానని మా ఆవిడకి మాటిచ్చాను.

కొండాపూర్ రన్నర్:
రేసు అయింది. ఈతలో దారి చూపడానికి నీళ్ల మీద తేలే మొదటి బోయ్ దగ్గర అచ్చం బందరు అన్న చెప్పినట్టే అయింది. గాగుల్స్‌లో నీళ్లు, గొంతులో నీళ్లు. వెల్లకిలా తిరిగాను, కయాక్ అబ్బాయి ‘సార్, తొందరేం లేదు’ అన్నాడు. ఆ తర్వాత బ్రెస్ట్ స్ట్రోక్‌తోనే బయటపడ్డాను. సైకిల్ హాయిగా సాగింది. పరుగులో మూడో కిలోమీటరుకి ముందే, ఫ్లైఓవర్ వాలులో నొప్పి మొదలైంది. అక్కడినుంచి ఒక్క అడుగు కూడా పరిగెత్తలేదు, ఫినిష్ దాకా నడిచాను. నడకలో కుంటు లేదు. మర్నాడు మెట్లు దిగుతుంటే మునుపటంతే ఉంది, ఎక్కువ కాలేదు. మళ్లీ పరుగు ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?

ఫిజియోని:
సంతోషం. మెట్లు దిగితే నొప్పి లేని రోజు వచ్చేదాకా పరుగు వద్దు. ఈత, సైకిల్ చేసుకోండి. పక్కకి పడుకుని కాలెత్తడం, ఒంటికాలి మీద మెల్లగా కూర్చుని లేవడం, ఇవి రోజు విడిచి రోజు చేయండి. తుంటి కండరం బలపడితే మోకాలి మీద లాగుడు తగ్గుతుంది. తర్వాత సమతలంగా ఉన్న చోట నిమిషం పరుగు, నిమిషం నడకతో మొదలుపెట్టండి. ఫ్లైఓవర్లు చివరికి.