నయోబియం క్యావిటీకి యాసిడ్ ఎందుకు? బఫింగ్ చాలదా?

లేత్‌మిషను:
మెకానికల్ ఫైనల్ ఇయర్ అండి. సెమినార్‌కి యాక్సిలరేటర్లలో వాడే సూపర్‌కండక్టింగ్ క్యావిటీలు తీసుకున్నా, అంటే బాగా చల్లార్చితే కరెంటుకి నిరోధం దాదాపు లేకుండా పోయే లోహంతో చేసిన, కణాలకు వేగం పెంచే బోలు డబ్బాలు. నయోబియం రేకుని డైలో నొక్కి గిన్నెల్లా చేయడం, వాటిని వాక్యూమ్‌లో ఎలక్ట్రాన్ బీమ్‌తో వెల్డ్ చేయడం వరకు అర్థమైంది. తర్వాత లోపలి వైపు 100 మైక్రాన్లకు పైగా యాసిడ్‌తో తీసేస్తారట. అంత ఖరీదైన లోహాన్ని ఎందుకు కరిగించాలి? తిరిగే గుడ్డ చక్రంతో రుద్ది అద్దంలా బఫింగ్ చేస్తే పోదా?

చల్లని_లోహం:
నునుపు ఒక్కటే చూడకండి. ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) కరెంటు పారేది పైన సుమారు 40 నానోమీటర్లలోనే, మిగతా లోహమంతా ఆకారానికీ, వేడి హీలియంలోకి పోవడానికీ. రేకుని రోలింగ్ చేసినప్పుడూ డైలో నొక్కినప్పుడూ పైపొరలో స్ఫటికాలు నలిగిపోతాయి, పనిముట్ల నుంచి ఇనుము లాంటివి అంటుకుంటాయి. బఫింగ్ చేస్తే ఆ నలిగిన పొరకే మెరుపొస్తుంది, పైగా పాలిషింగ్ పొడి మెత్తటి నయోబియంలో దిగబడుతుంది. అలాంటి మచ్చ ఒక్కటున్నా అది వేడెక్కి, చుట్టూ ఉన్న నయోబియం సూపర్‌కండక్టివిటీ కోల్పోతుంది, క్యావిటీ క్వెంచ్ అయిపోతుంది, అంటే మామూలు లోహంలా మారి పనిచేయడం మానేస్తుంది.

యాసిడ్‌లోనూ రెండు దారులున్నాయి. హైడ్రోఫ్లోరిక్, నైట్రిక్, ఫాస్ఫారిక్ కలిపి చేసే బీసీపీ (బఫర్డ్ కెమికల్ పాలిషింగ్) సులువే గానీ ఒక్కో స్ఫటికాన్ని ఒక్కో వేగంతో తింటుంది, వాటి హద్దుల దగ్గర మెట్లు మిగులుతాయి. ఎక్కువ గ్రేడియంట్ (మీటరుకి కణాలకు అందే వోల్టేజి) కావాలంటే ఎలక్ట్రోపాలిషింగే, అంటే హైడ్రోఫ్లోరిక్ ఒక పాలు, సల్ఫ్యూరిక్ తొమ్మిది పాళ్లు కలిపి అందులో కరెంటు పంపి కరిగించడం.

బీమ్‌లైన్:
చిన్న సవరణ. మెకానికల్ పాలిషింగ్ అసలు లేదని కాదు. క్యావిటీలో రాళ్లు, నీళ్లు పోసి గిరగిరా తిప్పే బ్యారెల్ పాలిషింగ్ ఉంది, వెల్డ్ గీత దగ్గరి గుంటల్ని బాగా సరిచేస్తుంది. కానీ దాని తర్వాత కూడా ఎలక్ట్రోపాలిషింగ్ చేయాల్సిందే, పైగా అలా తిప్పేటప్పుడు హైడ్రోజన్ లోహంలోకి బాగా దూరుతుంది. అది ఉండిపోతే చల్లార్చేటప్పుడు 100 కెల్విన్ చుట్టుపక్కల హైడ్రైడ్‌లు (నయోబియం, హైడ్రోజన్ కలిసిన పదార్థాలు) ఏర్పడి క్యూ పడిపోతుంది, అంటే క్యావిటీలో వృథా అయ్యే శక్తి పెరుగుతుంది. అందుకే వాక్యూమ్ ఫర్నేస్‌లో 800 డిగ్రీల దగ్గర కాల్చి హైడ్రోజన్‌ని వదిలిస్తారు.

లేత్‌మిషను:
చాలా థ్యాంక్స్ ఇద్దరికీ. మరి నైట్రోజన్ డోపింగ్ అంటున్నారే, అదేంటి? శుభ్రం చేసినదాంట్లో మళ్లీ మలినం కలపడమేగా?

చల్లని_లోహం:
కలపడమే, కాకపోతే కొలిచి. అమెరికాలోని ఫెర్మీల్యాబ్ అనే పరిశోధనశాలలో అన్నా గ్రాసెలీనో బృందం నయోబియం నైట్రైడ్ పొర కోసం ప్రయత్నిస్తే మొదట క్యూ ఘోరంగా వచ్చింది, పైన కొద్ది మైక్రాన్లు తీసేశాక మాత్రం ఎవరూ అనుకోనంత పెరిగింది. 2013లో ఆ ఫలితాలు బయటికొచ్చాయి, తర్వాత అమెరికాలో ఎల్‌సీఎల్‌ఎస్-2 అనే ఎక్స్‌రే లేజర్ యంత్రానికి ప్రధాన క్యావిటీల్ని ఆ పద్ధతిలోనే చేశారు. క్యూ పెరిగితే 2 కెల్విన్ దగ్గర పుట్టే వేడి తగ్గుతుంది, అక్కడ ఒక్క వాటు వేడి తీయాలంటే బయట వందల వాట్ల కరెంటు ఖర్చవుతుంది మరి.

బీమ్‌లైన్:
సెమినార్‌లో దుమ్ము సంగతి వదిలేయకండి, అందరూ యాసిడ్ దగ్గరే ఆగిపోతారు. ఇన్ని చేసినా లోపల ఒక్క రేణువు మిగిలితే అక్కడి నుంచి ఎలక్ట్రాన్లు చిమ్ముతాయి, ఎక్స్‌రేలు వస్తాయి. అందుకే క్లీన్‌రూమ్‌లో దాదాపు 100 బార్ ఒత్తిడితో అతి శుద్ధమైన నీటిని గంటల తరబడి కొట్టి కడుగుతారు. వీలైతే ఇండోర్ ఆర్‌ఆర్‌క్యాట్‌కి గానీ, ఢిల్లీ ఐయూఏసీకి గానీ రాసి చూడండి, రెండూ యాక్సిలరేటర్ పరిశోధన సంస్థలే, రెండుచోట్లా నయోబియం క్యావిటీల పని జరుగుతుంది. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌ని మాత్రం కాలేజీ ల్యాబ్‌లో ముట్టుకోవద్దు. చర్మం మీద పడితే మొదట నొప్పి కూడా తెలియకపోవచ్చు, లోపలికి ఇంకి ఒంట్లో కాల్షియంని లాగేస్తుంది, ప్రాణం మీదకు వస్తుంది.